థ్రాంబిన్ కోస్తే ప్లేట్‌లెట్ ఎందుకు మేల్కొంటుంది

అందరికీ నమస్కారం. ప్రకటనలో "రక్తం గడ్డకట్టడం" అని వేశారు. అదంతా చెప్పాలంటే ఒక సాయంత్రం చాలదు. అందుకని అందులోంచి ఒక్క ఘట్టమే తీసుకున్నాను. థ్రాంబిన్ అనే ఎంజైమ్ వచ్చి ప్లేట్‌లెట్ పొర మీద ఉన్న ఒక రిసెప్టర్‌ను, అంటే బయటి కబురును అందుకునే ప్రోటీన్‌ను, తాకినప్పుడు అక్కడ ఏం జరుగుతుంది? చూడ్డానికి చిన్న ప్రశ్న. దీనికి సరైన జవాబు 1991 దాకా దొరకలేదు. దొరికిన జవాబు మాత్రం అంతవరకూ రిసెప్టర్ల గురించి ఎవరూ ఊహించనిది.

ముందు థ్రాంబిన్ సంగతి. కాలేయం ప్రోథ్రాంబిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అది ఏ పనీ చేయకుండా తిరుగుతూ ఉంటుంది. రక్తనాళానికి గాయమైతే ఒకదాన్నొకటి రేపుకుంటూ కొన్ని ఎంజైములు వరసగా పనిలోకి దిగుతాయి. గడ్డకట్టించే ఈ ప్రోటీన్లను ఫ్యాక్టర్లని, అంకెలతో పిలుస్తారు. చివరికి పదో ఫ్యాక్టర్, ఐదో ఫ్యాక్టర్ తోడుగా ప్రోథ్రాంబిన్‌ను కోస్తుంది. అలా కోస్తే వచ్చేదే థ్రాంబిన్. ఇది కూడా కోసే ఎంజైమే. రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ను కోసి ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ఇది బడి పుస్తకాల్లో ఉన్నదే కాబట్టి ఇక్కడ ఆగను.

పుస్తకాలు అంతగా చెప్పని రెండో పని ఒకటుంది. థ్రాంబిన్ కణాలతో మాట్లాడుతుంది, ముఖ్యంగా ప్లేట్‌లెట్లతో. ఒక మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ప్లేట్‌లెట్లు ఉంటాయి. ఒక్కోటీ రెండు మూడు మైక్రాన్ల వెడల్పు ఉంటుంది. కేంద్రకం లేదు, వారం పది రోజుల బతుకు. మామూలుగా పలచటి బిళ్లల్లా జారిపోతూ ఉంటాయి. థ్రాంబిన్ తగిలిందంటే క్షణాల్లో ఆకారం మారిపోతుంది. గుండ్రంగా ఉబ్బి, ముళ్లలాంటి పొడుగాటి కాళ్లు చాచి, లోపల దాచుకున్న రసాయనాలను బయటికి కక్కి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. ప్లేట్‌లెట్లను మేల్కొలిపేవి చాలానే ఉన్నాయి కానీ వాటన్నిటిలో థ్రాంబినే బలమైనది.

సరే, ఎలా మేల్కొలుపుతోంది? మామూలుగా హార్మోన్లు ఎలా పనిచేస్తాయో మీకు తెలుసు. అడ్రినలిన్ వస్తుంది, తన రిసెప్టర్‌లో కూర్చుంటుంది, కణానికి కబురు చేరుతుంది, అడ్రినలిన్ లేచి వెళ్లిపోతుంది. తాళం, తాళంచెవి అని చెప్తుంటాం కదా, అదే. థ్రాంబిన్ కూడా ఇలాగే ఎక్కడో కూర్చుంటుందని అనుకోవచ్చు. కానీ 1967లోనే డేవీ, లూషర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్లేట్‌లెట్లను కదిలించేది థ్రాంబిన్‌లోని కోసే గుణమేనని చూపించారు. కోసే చోటును రసాయనంతో మూసేసిన థ్రాంబిన్‌ను ఇస్తే ప్లేట్‌లెట్లు పలకవు. అంటే వచ్చి కూర్చుంటే చాలదు, దేన్నో కోయాలి. ఆ దేన్ని అన్నదే చిక్కు ప్రశ్న.

జనం చూపు పడింది గ్లైకోప్రోటీన్-5 మీద. ప్లేట్‌లెట్ పొర మీద ఉండే ఈ ప్రోటీన్‌ను థ్రాంబిన్ కోస్తుందని 1970లలో స్పష్టంగా కనబడింది. కనబడింది కాబట్టి అదే అనుకున్నారు. నా అభిప్రాయంలో సైన్సులో ఇది తరచూ జరిగే పొరపాటు. కళ్లెదుట తేలిగ్గా కనిపించేదాని చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతాం. ఎంత గ్లైకోప్రోటీన్-5 తెగిందన్నదానికీ, ప్లేట్‌లెట్ ఎంత మేల్కొందన్నదానికీ లెక్క కుదరలేదు. అసలు రిసెప్టర్ ఒక్కో ప్లేట్‌లెట్ మీద ఒకటి రెండు వేల ప్రతులకు మించి ఉండదు. అంత తక్కువ ఉన్నదాన్ని నేరుగా వెతికి పట్టుకోవడం చాలా కష్టం.

1991లో అమెరికాలో, శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షాన్ కఫ్లిన్ బృందం వేరే దారి పట్టింది. రిసెప్టర్ ఎలా ఉంటుందో తెలియకపోయినా పట్టుకోగలిగే పద్ధతి అది. థ్రాంబిన్‌కు స్పందించే మానవ కణాలను తీసుకుని, వాటిలోంచి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను, అంటే ప్రోటీన్ తయారీకి జన్యువు పంపే నకలును, వేరుచేశారు. దాన్ని ఆఫ్రికా జాతి కప్ప, జెనోపస్, అండకణాల్లోకి సూదితో ఎక్కించారు. ఆ అండకణాలు మిల్లీమీటరు పైచిలుకు ఉంటాయి కాబట్టి సూది గుచ్చడానికి వీలు. పైగా ఏ ఆర్‌ఎన్‌ఏ ఇచ్చినా మారు మాట్లాడకుండా ఆ ప్రోటీన్‌ను తయారుచేసి పెడతాయి. ఇప్పుడు ఆ అండకణం మీద థ్రాంబిన్ పోస్తే, లోపల కాల్షియం విడుదలైతే, ఎక్కించిన జన్యు సమాచారంలో ఎక్కడో రిసెప్టర్ ఉన్నట్టే. తరవాత వేలాది జన్యు ముక్కలను గుంపులుగా విడగొట్టి, పలికిన గుంపును మళ్లీ విడగొట్టి, అందులో పలికినదాన్ని మళ్లీ విడగొట్టి, చివరికి ఒక్క జన్యువు దగ్గరికి చేరారు. దాదాపు అదే సమయంలో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో మరో బృందం చిట్టెలుక జాతి హామ్‌స్టర్ కణాల నుంచి ఇదే రిసెప్టర్‌ను పట్టుకుంది.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన గొలుసు. మానవ రిసెప్టర్ పొడవు 425 అమైనో ఆమ్లాలు. దాని వరస చదవగానే ఒక సంగతి తేలింది. కణం పొరను ఏడుసార్లు దాటే గొలుసు ఇది, అంటే అడ్రినలిన్ రిసెప్టర్ ఉన్న కుటుంబమే. దీన్ని ఇప్పుడు పార్-1 అంటున్నాం. ప్రోటియేజ్, అంటే ప్రోటీన్లను కోసే ఎంజైమ్, మేల్కొలిపే రిసెప్టర్లలో మొదటిది అని అర్థం. కుటుంబం పాతదే కానీ, కణం బయటికి వేలాడే తోక మామూలు కంటే పొడుగ్గా ఉంది. అసలు కథంతా ఆ తోకలోనే.

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. తోకలో 41వ స్థానంలో ఆర్జినిన్, 42వ స్థానంలో సెరిన్ ఉన్నాయి. థ్రాంబిన్‌కు ఆర్జినిన్ తరవాత కోయడం అలవాటు. ఈ చోటు చూస్తే, థ్రాంబిన్ కోసే మరో ప్రోటీన్, ప్రోటీన్-సిలోని కోత చోటుతో పోలిక కనబడింది. ఇంకొంచెం ముందుకు వెళ్తే, 50ల దగ్గర, ఆమ్ల గుణమున్న అమైనో ఆమ్లాలు గుంపుగా ఉన్నాయి. ఆ వరస ఇంతకు ముందు ఎక్కడో చూసిందే. ఎక్కడ? జలగ లాలాజలంలో. జలగ రక్తం పీల్చేటప్పుడు అది గడ్డకట్టకుండా హిరుడిన్ అనే ప్రోటీన్‌ను వదులుతుంది. హిరుడిన్ తోక థ్రాంబిన్ ఒంటిమీద, కోసే చోటుకు కొంచెం పక్కగా ఉన్న ఒక గాడిని పట్టుకుంటుంది. మన రిసెప్టర్ తోక కూడా అదే గాడిని పట్టుకుంటుంది. జలగ, మన ప్లేట్‌లెట్ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే పట్టు నేర్చుకున్నాయన్నమాట. తేడా ఏమిటంటే, హిరుడిన్ థ్రాంబిన్‌ను పట్టుకుని దాని నోరు మూసేస్తుంది. రిసెప్టర్ పట్టుకుని, తనను కోయించుకుంటుంది.

కోత పడింది. 41 దాకా ఉన్న ముక్క ఊడిపోయింది. ఇప్పుడు సెరిన్ కొత్త మొదలు అయ్యింది. దాని వెంట ఫినైల్‌అలనిన్, లూసిన్, ఇంకో లూసిన్, ఆర్జినిన్, ఆస్పరజిన్ వరసగా ఉన్నాయి. ఈ ఆరు అమైనో ఆమ్లాల కొత్త కొస వెనక్కి వంగి, అదే రిసెప్టర్ పైభాగంలోకి దూరి, దాన్ని మేల్కొలుపుతుంది. అంటే తాళంచెవి బయటినుంచి రాలేదండీ. తాళానికే కట్టి ఉంది. థ్రాంబిన్ తాళంచెవి కాదు, దాని మీది కప్పును కోసి పడేసే కత్తి మాత్రమే.

ఇది అందంగా ఉంది కాబట్టి నిజమని నమ్మాలా? అలా కుదరదు కదా. అందుకే వాళ్లు చేసిన పరీక్షలు నాకు ఆ కనుగోలు కన్నా ఎక్కువ నచ్చుతాయి. మొదట 41వ స్థానంలోని ఆర్జినిన్‌ను మార్చేశారు. థ్రాంబిన్ ఎంత పోసినా రిసెప్టర్ పలకలేదు. తరవాత, కొత్త కొసలో ఉండే అమైనో ఆమ్లాలతో చిన్న పెప్టైడ్‌ను, అంటే పొట్టి గొలుసును, ప్రయోగశాలలో తయారుచేసి విడిగా ఇచ్చారు. థ్రాంబిన్ చుక్క లేకుండా, కోత లేకుండా, రిసెప్టర్ మేల్కొంది. ఆర్జినిన్ మార్చిన ఆ మొండి రిసెప్టర్ కూడా ఈ పెప్టైడ్‌కు పలికింది. మూడోది నాకు మరీ ఇష్టం. పేగులో ఎంటరోకైనేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది తనకు నచ్చిన ఒక ప్రత్యేక వరస కనిపిస్తేనే కోస్తుంది. రిసెప్టర్‌లో థ్రాంబిన్ కోసే చోటు తీసేసి ఆ వరసను పెట్టారు. అంతే, రక్తం గడ్డకట్టడంతో ఏ సంబంధమూ లేని ఎంటరోకైనేజ్‌కు ఆ రిసెప్టర్ పలకడం మొదలుపెట్టింది! కోసేది ఎవరన్నది ముఖ్యం కాదు, సరైన చోట కోశారా లేదా అన్నదే ముఖ్యమని ఇంతకంటే ఎలా చెప్తారు?

ఆ పెప్టైడ్‌లో ఇంకో కిటుకు ఉంది. సెరిన్ మొదట్లో ఉండే అమైనో గ్రూపును ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్కతో మూసేస్తే అది పనిచేయదు. అందుకే కోయక ముందు రిసెప్టర్ తనంతట తాను మేల్కోదు. ఆ వరస అంతా తోకలో ఎప్పుడూ ఉన్నదే, కానీ దాని మొదలు ఇంకో అమైనో ఆమ్లానికి కలిసి ఉంది. కోత పడి ఆ అమైనో గ్రూపు విడుదలైతేనే దానికి శక్తి.

ఇప్పుడు థ్రాంబిన్ పుట్టుకను ఒకసారి గుర్తు చేసుకోండి. ప్రోథ్రాంబిన్ తెగినప్పుడు కూడా ఒక కొత్త కొస పుడుతుంది. దాని మొదట్లో ఐసోలూసిన్ ఉంటుంది. ఆ కొస ప్రోటీన్ లోపలికి మడతపడి, అక్కడున్న ఆస్పార్టిక్ ఆమ్లంతో జతకడుతుంది. అప్పుడే ఎంజైమ్ కోసే చోటు సరైన ఆకారానికి వస్తుంది. జీర్ణరసాల్లో ట్రిప్సినోజెన్ ట్రిప్సిన్‌గా మారేదీ ఇలాగే. అంటే థ్రాంబిన్ ఏ పద్ధతిలో మేల్కొందో, రిసెప్టర్‌ను కూడా అదే పద్ధతిలో మేల్కొలుపుతోంది. ఎంజైముల ప్రపంచంలో పాత ఎత్తుగడ ఇది. రిసెప్టర్ల ప్రపంచంలో ఎవరూ చూడలేదు.

లోపలికి వెళ్తే, మేల్కొన్న రిసెప్టర్ మూడు రకాల జీ-ప్రోటీన్లను, అంటే రిసెప్టర్ కబురును కణం లోపలికి మోసే ప్రోటీన్లను, కదుపుతుంది. జీ-క్యూ వల్ల కణంలో కాల్షియం పెరుగుతుంది, రేణువుల్లో ఉన్న రసాయనాలు బయటికి వస్తాయి. జీ-12, జీ-13 జంట వల్ల లోపలి అస్థిపంజరం సర్దుకుని ఆకారం మారుతుంది. జీ-ఐ వల్ల సైక్లిక్ ఏఎంపీ తగ్గుతుంది. సైక్లిక్ ఏఎంపీ ప్లేట్‌లెట్‌ను నిద్రపుచ్చే పదార్థం, కాబట్టి అది తగ్గితే మెలకువే. చివరికి పొర మీద ఇంటెగ్రిన్లు అనే అతుక్కునే ప్రోటీన్లు ఫైబ్రినోజెన్‌ను పట్టుకునే రూపానికి వస్తాయి, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి కట్టుబడతాయి. అంతటితో ఆగదు. బాగా మేల్కొన్న ప్లేట్‌లెట్ తన పొరలో లోపలి వైపు ఉండే కొవ్వు పదార్థాన్ని బయటికి తిప్పుతుంది. ఇందాక చెప్పిన పదో ఫ్యాక్టర్, ఐదో ఫ్యాక్టర్ కూర్చోవడానికి అదే వేదిక. అక్కడ ఇంకా థ్రాంబిన్ పుడుతుంది. అది ఇంకా ప్లేట్‌లెట్లను లేపుతుంది.

ఇందాక ముందు వరసలోంచి ఒకరు చీటీ పంపారు. మంచి ప్రశ్న. "ఎంజైమ్ ఖర్చైపోదు కదా, ఒక్క థ్రాంబిన్ అణువే నింపాదిగా అన్ని రిసెప్టర్లనూ కోసుకుంటూ పోతే? కొంచెం థ్రాంబిన్‌కీ ఎక్కువ థ్రాంబిన్‌కీ తేడా కణానికి ఎలా తెలుస్తుంది?" అని. సరిగ్గా ఇదే ప్రశ్న కఫ్లిన్ బృందానికీ వచ్చింది, 1993లో జవాబు చెప్పారు. తెగిన ఒక్కో రిసెప్టర్ ఒక నిర్ణీత మోతాదు కబురు మాత్రమే పంపి మూగబోతుంది. థ్రాంబిన్ తక్కువుంటే రిసెప్టర్లు ఒకటొకటిగా తెగుతాయి, ఒకటి మొదలుపెట్టేలోపు ఇంకోటి ముగించేస్తుంది. లోపల కబురు బలపడదు. థ్రాంబిన్ ఎక్కువుంటే ఒకేసారి చాలా తెగుతాయి, కబుర్లన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని గట్టి దెబ్బ అవుతాయి. కణం చూసేది మొత్తం ఎన్ని తెగాయన్నది కాదు, ఎంత వేగంగా తెగుతున్నాయన్నది.

అయితే మూగబోవడం ఎలా? తాళంచెవి కట్టి ఉంది కదా, దాన్ని తీసి పారేయడం కుదరదు. అందుకని కణం రిసెప్టర్‌నే పారేస్తుంది. లోపలి తోక మీద ఫాస్ఫేట్లు తగిలించి, అరెస్టిన్ అనే ప్రోటీన్‌తో నోరు మూయించి, పొరలోంచి లోపలికి లాగి, కణంలో పనికిరానివాటిని అరిగించే సంచి, లైసోజోమ్‌కు పంపి అరిగించేస్తుంది. అడ్రినలిన్ రిసెప్టర్లు ఇలా లోపలికి వెళ్లినా చాలావరకు మళ్లీ పైకి వస్తాయి. పార్-1కు ఆ భాగ్యం లేదు, ఒక్కసారే. రక్తనాళాల లోపలి గోడ కణాలు కోత పడని కొత్త రిసెప్టర్లను లోపల నిల్వ పెట్టుకుని, పోయినవాటి స్థానంలో పైకి తెస్తాయి. ప్లేట్‌లెట్‌కు ఆ అవసరం లేదు, దాని జీవితంలో ఈ పని చేసేది ఒక్కసారే కాబట్టి.

ఇంకో మలుపు. 1996లో పార్-1 జన్యువు లేని ఎలుకలను తయారుచేశారు. దాదాపు సగం పిండాలు గర్భంలోనే చనిపోయాయి. బతికినవాటి ప్లేట్‌లెట్లు మాత్రం థ్రాంబిన్‌కు ఏమీ జరగనట్టు పలికాయి! అంటే ఇంకో రిసెప్టర్ ఉండాలి. వెతికితే 1997లో పార్-3, 1998లో పార్-4 దొరికాయి. ఎలుక ప్లేట్‌లెట్లలో ఉండేవి ఈ రెండే, మన ప్లేట్‌లెట్లలో పార్-1, పార్-4. ఎలుకలో మందు పనిచేసిందని మనిషికీ అంతే అనుకోవడం ఈ రంగంలో ప్రమాదం. పార్-4కు జలగ తరహా పట్టు లేదు, అందుకని థ్రాంబిన్ ఎక్కువ కావాలి. పలికేది ఆలస్యంగా, కానీ చాలాసేపు పలుకుతుంది. మొదట తట్టి లేపేది పార్-1, గడ్డ నిలబడేలా పట్టుబట్టేది పార్-4 అనుకోవచ్చు. పార్-2 అని ఇంకోటి ఉంది, అది 1994 నాటిది. దాన్ని కోసేది ట్రిప్సిన్ లాంటి ఎంజైములు, థ్రాంబిన్ కాదు.

చనిపోయిన పిండాల సంగతేమిటి? రక్తనాళాల గోడ కణాల్లో మాత్రమే పార్-1ను తిరిగి పెడితే చాలావరకు బతికాయి. అంటే ఈ రిసెప్టర్ ప్లేట్‌లెట్ సొత్తు మాత్రమే కాదు, నాళాల నిర్మాణంలోనూ దానికి పనుంది. ఆ గోడ కణాల్లోనే ఒక వింత కూడా బయటపడింది. థ్రాంబిన్ 41 దగ్గర కోస్తే కణాల మధ్య అతుకులు వదులై గోడ కారుతుంది. మేల్కొన్న ప్రోటీన్-సి అదే రిసెప్టర్‌ను 46 దగ్గర కోస్తుంది. అప్పుడు కొత్త కొస వేరు, కణానికి అందే కబురు వేరు. గోడ బిగుస్తుంది, వాపు తగ్గుతుంది. అయిదు అమైనో ఆమ్లాల తేడా, ఫలితం పూర్తిగా ఎదురు.

ఇక మందుల మాట. గుండెపోటు వచ్చినవాళ్లకు ఆస్పిరిన్ ఇస్తారు, అది థ్రాంబాక్సేన్ దారిని మూస్తుంది. థ్రాంబాక్సేన్, ఏడీపీ రెండూ ప్లేట్‌లెట్లను మేల్కొలిపే వేరే రసాయనాలు. క్లోపిడోగ్రెల్ ఏడీపీ దారిని మూస్తుంది. రెండూ వేసుకున్నా థ్రాంబిన్ దారి తెరిచే ఉంటుంది. డాబిగాట్రాన్ లాంటివి థ్రాంబిన్‌నే ఆపేస్తాయి, దాంతో ఫైబ్రిన్ పనీ ఆగిపోతుంది. ఫైబ్రిన్‌ను ముట్టుకోకుండా రిసెప్టర్‌ను మాత్రమే మూస్తే బాగుంటుంది కదా? ఆలోచన మంచిదే. కానీ పోటీ ఎవరితో? తాళం పక్కనే కట్టి ఉన్న తాళంచెవితో. అది ఎటూ కొట్టుకుపోదు, ఎప్పుడూ అక్కడే ఉంటుంది. దాన్ని ఓడించాలంటే మందు చాలా గట్టిగా, చాలాసేపు అతుక్కోవాలి.

అలాంటిది ఒక చెట్టు బెరడు దగ్గర మొదలై దొరికింది. ఆస్ట్రేలియా ప్రాంతపు గాల్‌బులిమిమా చెట్టు బెరడులోని హింబాసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకుని వొరాపాక్సర్ అనే మందును తయారుచేశారు. 2012లో వొరాపాక్సర్ అతుక్కుని ఉన్న పార్-1 స్ఫటిక నిర్మాణం వెలువడింది. రిసెప్టర్ పైభాగంలో మందు దాదాపు పూర్తిగా కప్పబడి కూర్చుని ఉంది. లోపలికి పోయాక బయటికి రావడం అంత నెమ్మది ఎందుకో ఆ బొమ్మ చూస్తే అర్థమవుతుంది. మందు మానేసినా ప్లేట్‌లెట్లు వారాల తరబడి మందకొడిగానే ఉంటాయి.

ఆ గట్టి పట్టే ఇబ్బంది కూడా అయ్యింది. 26,449 మంది మీద చేసిన పెద్ద పరీక్షలో మూడేళ్లకు గుండె జబ్బు మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి చూస్తే మందు వేసుకున్నవాళ్లలో 9.3 శాతం, వేసుకోనివాళ్లలో 10.5 శాతం. లాభం ఉంది. కానీ ఓ మాదిరి నుంచి తీవ్రమైన రక్తస్రావం 4.2 శాతం, అవతల 2.5 శాతం. మెదడులో రక్తస్రావం దాదాపు రెట్టింపు. 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ గతంలో పక్షవాతం వచ్చినవాళ్లకు ఇవ్వకూడదన్న గట్టి హెచ్చరికతో. ఇంత శ్రమకు ఇది చిన్న ఫలితమే అని నేనంటాను. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మీద దీన్ని మూడోదిగా కలిపితే రక్తం కారకుండా ఎలా ఉంటుంది?

అందుకే ఇప్పుడు కొందరి దృష్టి పార్-4 మీదికి మళ్లింది. ఎక్కువ థ్రాంబిన్ ఉన్నప్పుడే పలికేది కాబట్టి, దాన్ని ఆపితే చిన్న గాయాల దగ్గర పార్-1 తన పని తాను చేసుకుంటుంది, పెద్ద గడ్డ మాత్రం పెరగదు అని ఆశ. ఇక్కడ ఒక మెలిక ఉంది. మనుషులందరి పార్-4 ఒకటి కాదు. 120వ స్థానంలో కొందరికి అలనిన్, కొందరికి త్రియోనిన్. త్రియోనిన్ ఉన్నవాళ్ల ప్లేట్‌లెట్లు ఎక్కువ చురుగ్గా పలుకుతాయి, ఆఫ్రికా మూలాలున్న జనాభాలో ఈ రకం ఎక్కువ. పార్-4 మందును పరీక్షించేవాళ్లు తమ దగ్గరికి వచ్చినవాళ్లలో ఎవరికి ఏ రకం ఉందో ముందే చూసుకోవాలి. లేకపోతే ఒక రకం వాళ్లలో వచ్చిన ఫలితం రెండో రకం వాళ్లకూ వర్తిస్తుందని రాసేసే ప్రమాదం ఉంది.